గొప్ప యింటిలోని రెండు గిటారులు

ధ్యాన భాగములు: 2 తిమోతి 2:20–21, యాకోబు 2:1–9, 1 రాజులు 10:11–12

అపొస్తలుడైన పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో ఒక గొప్ప యింటిని మన కన్నుల యెదుట నిలువబెట్టుచున్నాడు. ఆ యింట బంగారు పాత్రలు కలవు, వెండి పాత్రలు కలవు. వాటి ప్రక్కనే కొయ్య గిన్నెలును మట్టి కుండలును కలవు. ఇది చదివినవాడు వెంటనే తీర్పు చేయును: బంగారమైతే ఘనత, మన్నైతే హీనత. అయితే పౌలు చెప్పదలచినది అంతటితో ముగియలేదు. తరువాతి వచనమున అతడు పాత్ర యే లోహముతో చేయబడినదని అడుగక, అది శుభ్రపరచబడినదా, యజమానుని పనికి సిద్ధముగా నున్నదా అని అడుగుచున్నాడు. దప్పిగొన్న అతిథి గుమ్మములో నిలిచినప్పుడు ఇల్లాలు ఏ పాత్రను తీయును? తోమి బోర్లించిన దానినే గదా. మురికి పట్టిన బంగారు గిన్నె ఆ వేళ ఆమెకు పనికిరాదు.

ఈ సత్యమును నేడు మన గృహములలోను సంఘములలోను తరచుగా కనబడు ఒక వస్తువు మూలముగా ధ్యానింతము. అది గిటారు. చిన్న సంగతియని త్రోసివేయకుడి. చిన్న వస్తువుల యొద్దనే మన హృదయము దాగియున్న చోటు బయలుపడును.

విజయనగరమునుండి బొబ్బిలి, పార్వతీపురము, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ చేరు రైలు మార్గము 1931లో పూర్తియైనది. ఉత్తరాంధ్ర పల్లెలనుండి అనేక కుటుంబములు బ్రతుకుతెరువు వెదకుకొనుచు రాయపూర్ చేరినవి. కొందరు రైల్వేలో పనికి కుదిరిరి. 1959లో భిలాయ్ ఉక్కు కర్మాగారమున ఉత్పత్తి ఆరంభమైన పిమ్మట మరి కొందరు ఆ ప్రాంతమునకు వచ్చి స్థిరపడిరి. అట్లు వచ్చినవారు మూటలలో తెచ్చుకొన్నది కొద్ది. అయినను వారిలోని విశ్వాసులు ఒక ఆస్తిని మరువక తెచ్చుకొనిరి. అది తెలుగు కీర్తన. వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ మాటలాడిన నోరు సాయంకాలము ఇంటికి వచ్చి తెలుగులో పాడెను. డోలకి తోడయ్యెను, చేతనైనచోట హార్మోనియము తోడయ్యెను. నేడు వారి మనుమల చేతికి గిటారు వచ్చినది.

రాయపూర్ హౌరా–ముంబయి ప్రధాన మార్గముమీద ఉన్న పట్టణము. కనుక కోల్‌కతాలో తయారగు గివ్‌సన్ వంటి చవుక గిటారులు ఆ పట్టణమునకు క్రొత్తవి కావు. కొన్ని వేల రూపాయలతో ఒక విద్యార్థి అట్టిదానిని కొనగలడు. మరియొక వైపున అమెరికాలోని మార్టిన్, గిబ్సన్, టేలర్ వంటి పేరుగాంచిన సంస్థల గిటారులు కలవు. వాటిలో మేలైనవాటి వెల లక్షలకు చేరును. చవుకదానికిని ఖరీదైనదానికిని ఆరు తీగలే. రెండును ఒకే కీర్తనకు తోడు రాగలవు. అయినను అవి ఒకే ఆరాధనలో ప్రక్కప్రక్కన నిలిచినప్పుడు మనుష్యుల మనస్సులలో ఏమి జరుగును?

రాయపూర్‌లో ఒక తెలుగు సంఘమును ఊహించుకొనుడి. ఒక రైల్వే కార్మికుని కుమారుడు రెండేండ్లుగా తన చవుక గిటారుతో పాటలకు తోడు వాయించుచున్నాడు. ఒక ఆదివారమున విదేశమునందు ఉద్యోగము చేయు యువకుడు సెలవుమీద వచ్చి, తన ఖరీదైన గిటారును పెట్టెలోనుండి తీసెను. అందరును దాని చుట్టు మూగిరి. దాని వెల ఎంత, అది ఏ దేశమునుండి వచ్చినది అని అడిగిరి. ఒక పెద్ద మనిషి రైల్వే కార్మికుని కుమారునితో, "బాబూ, ఈ పూట నీది ప్రక్కన పెట్టు" అనెను. ఆ మాటలో చెడు తలంపు లేదు. అయినను తరువాతి ఆదివారమున ఆ అబ్బాయి గిటారు తేలేదు. ఆ మరుసటి వారమున తానే రాలేదు. ఆ సంఘము ఏమి పోగొట్టుకొన్నదో ఎవరును లెక్కింపలేదు.

ఇది ఊహించి చెప్పిన సంగతి. అయినను ఇట్టిది మన మధ్య జరుగదని చెప్పగలవారెవరు? కాబట్టి దేవుని వాక్యపు వెలుగులో దీనిని విచారింతము.

1. పరిశుద్ధ గ్రంథమున రెండింటికిని చోటు కలదు

మోషే కాలమున దేవుడు రెండు వెండి బూరలు చేయింపుమని ఆజ్ఞాపించెను (సంఖ్యాకాండము 10). సమాజమును పిలుచుటకును, దండును కదలించుటకును, పండుగ దినములలో బలులమీద ఊదుటకును అవి నియమింపబడెను. అవి విలువైన లోహముతో, నిపుణుల చేతిపనితో చేయబడినవి. అయితే యెరికో చుట్టు తిరిగిన దినములలో యాజకులు పట్టుకొని నడచినవి పొట్టేలు కొమ్ములు (యెహోషువ 6). అవి గొఱ్ఱెల దొడ్డిలో దొరకు వస్తువులు. గోడలు కూలుటకు దేవుడు వెండికొరకు కనిపెట్టలేదు. అంత మాత్రమున వెండి బూరలు వ్యర్థములైనవని గ్రంథము చెప్పుటలేదు. వాటి పని వాటికి కలదు. కొమ్ముల పని కొమ్ములకు కలదు.

దావీదును చూడుడి. గొఱ్ఱెలు కాయుచుండిన చిన్నవాడు సితారాతో రాజు సముఖమునకు పిలువబడెను. అతని సితారా యే మ్రానుతో చేయబడినదో, దానిని చేసిన పనివాడెవడో గ్రంథకర్త వ్రాయలేదు. అది పలికినప్పుడు సౌలు సేదదీరెనని మాత్రము వ్రాసెను. అదే దావీదు కుమారుడైన సొలొమోను దినములకు రండి. ఓఫీరునుండి వచ్చిన హీరాము ఓడలు అపూర్వమైన మ్రానులను తెచ్చెను. మన తెలుగు బైబిలు దానిని చందనమని పేర్కొనుచున్నది. ఆ మ్రానుతో మందిరమునకును రాజగృహమునకును పనులు జరిగెను. దానితోనే గానము చేయువారికి సితారాలును స్వరమండలములును చేయబడెను. సముద్రము దాటి వచ్చిన ఖరీదైన మ్రాను దేవుని స్తుతికి తీగల క్రింది పెట్టెగా మారెను. దేవుడు దానిని అసహ్యించుకొనలేదు. కాపరి చేతి సితారాకును రాజు ధననిధినుండి వచ్చిన సితారాకును ఒకే గ్రంథమున చోటు దొరికినది.

గిటారును దేవుని మందిరములోనికి తేవచ్చునా అని సందేహించు పెద్దలు ఇంకను కొందరు కలరు. 1818 డిసెంబరు 24వ తేదీ రాత్రి ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్ గ్రామమున యోసెఫ్ మోర్ అను యువ గురువు వ్రాసిన క్రిస్మస్ పాట మొదటిసారి పాడబడినప్పుడు తోడు వచ్చినది గిటారే. దానికి రాగము కట్టినవాడు ఫ్రాంజ్ గ్రూబర్ అను ఉపాధ్యాయుడు. ఆ గుడి ఆర్గన్ చెడిపోయినందున గిటారు తెచ్చిరని ఒక కథ వాడుకలో నున్నది. అది నిర్ధారణ కాని కథ. గిటారు మ్రోగెననుట మాత్రము నిశ్చయము. నేడు ఆ పాట పాడని క్రైస్తవ దేశము లేదు. మనము మన సొంత వాద్యమని తలంచు హార్మోనియము కూడ 19వ శతాబ్దమున ఫ్రాన్సు దేశములో రూపుదాల్చి మనయొద్దకు వచ్చినదే. కాబట్టి వాద్యము ఎక్కడనుండి వచ్చినదను దానికంటె, దేనికొరకు ఎత్తబడినదను ప్రశ్నయే ముఖ్యమైనది.

2. పేరు పలుకదు, వాద్యము పలుకును

మార్టిన్ గిటారుల సంస్థను స్థాపించిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ జర్మనీనుండి వలస వెళ్లి, 1833లో న్యూయార్క్ నగరమున పని మొదలుపెట్టెను. కొన్ని యేండ్లకు అతడు పెన్సిల్వేనియా రాష్ట్రములోని ఒక చిన్న ఊరికి తరలిపోయెను. మొరేవియన్ సహోదరులు 18వ శతాబ్దములో కట్టుకొన్న ఆ ఊరి పేరు నజరేతు. ఆ గిటారుల లోపల ఊరి పేరు ముద్రింపబడియుండును. వాద్యకారులు ఆ పేరు చూచి గౌరవముతో తలయూపుదురు.

ప్రియ చదువరీ, దీనిని గూర్చి యోచింపుము. గలిలయలోని నజరేతు పేరు వినగానే నతనయేలు ముఖము చిట్లించెను. అట్టి ఊరినుండి మేలైనది వచ్చునా అని సందేహించెను (యోహాను 1:46). ఒకనాడు మనిషి విలువను తగ్గించిన పేరు నేడు గిటారు విలువను పెంచుచున్నది. పేరు అదే, దానికి మనుష్యులు కట్టిన వెల మారినది. ఫిలిప్పు నతనయేలుతో వాదింపలేదు. వచ్చి నీవే చూడుమని పిలిచెను. వాద్యము విషయమున కూడ అంతకంటె మంచి సలహా లేదు: ముద్ర చూచి తీర్పు తీర్చకుము, దగ్గరకు వచ్చి వినుము.

నేటి శాస్త్రజ్ఞులు ఈ మాటనే పరీక్షించి చూచిరి. ఇంగ్లండులోని లాంకస్టర్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2018లో ప్రకటించిన ఒక పరిశోధనకై, రోజర్ బక్‌నాల్ అను పనివాడు ఒకే తీరుగల ఆరు గిటారులు చేసెను. వెనుక పలకకును ప్రక్క పలకలకును మాత్రము ఒక్కొక్కదానికి ఒక్కొక్క జాతి కలప వాడబడెను. వాటిలో బ్రెజిలు దేశపు రోజ్‌వుడ్ మిక్కిలి అరుదైనది, ఖరీదైనది. మన దేశపు జిట్రేగియు, సపేలీ వంటి చవుక కలపలును వాటిలో నుండెను. 52 మంది వాద్యకారులు కలప కంటికి కనబడకుండ అద్దములు ధరించి, మసక వెలుతురులో వాటిని వాయించి మార్కులు వేసిరి. ఆరింటికిని దాదాపు సమానమైన మార్కులే వచ్చెను. ఫిడేలు విషయమున జరిగిన పరిశోధన ఇంకను ప్రసిద్ధమైనది. 2010లో అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరమున 21 మంది ఫిడేలు విద్వాంసులు చూపు మరుగుచేసికొని, స్ట్రాడివారి కాలపు ప్రాచీన వాద్యములను క్రొత్తవాటితో పోల్చి వాయించిరి. వారిలో ఎక్కువమంది క్రొత్తవాటినే ఇష్టపడిరి.

మరియొక నిదర్శనము వినుడి. టేలర్ సంస్థ స్థాపకులలో ఒకడైన బాబ్ టేలర్ 1995లో, గిడ్డంగులలో సరకుల క్రింద వేయు పాత ప్యాలెట్ చెక్కలను తీసికొని వాటితో ఒక గిటారు చేసి ప్రదర్శించెను. ఆ చెక్కలలో మేకుల గుర్తులుండెను. కలప గొప్పదైనందుననే గిటారు గొప్పదగునని తలంచువారికి, పనివాని చేయి ఏమి చేయగలదో చూపుటయే అతని ఉద్దేశము. ఇది వినినప్పుడు మన హృదయము ఉప్పొంగవలదా? పారవేయదగిన చెక్క నిపుణుని చేతిలో వాద్యమైనది. మనలో అనేకుల చరిత్ర అదియే గదా! మన బ్రదుకులోను మేకుల గుర్తులు కలవు. మనము దేనితో చేయబడితిమనుట కాదు, ఎవరి చేతిలో పడితిమనుటయే మన నిరీక్షణ.

అయితే న్యాయముగా చెప్పవలెను. చవుక గిటారుకును మేలైన గిటారుకును భేదమే లేదనుట సత్యము కాదు. మేలైన గిటారు పై పలక స్ప్రూస్ వంటి చలిదేశపు మ్రానునుండి తీసిన గట్టి పలక. అది తీగ కదలికను చక్కగా గ్రహించి నాదమును నిండుగా, దీర్ఘముగా విడుచును. చవుకదాని పై పలక తరచుగా పొరలు అంటించిన ప్లైవుడ్. దాని నాదము పొట్టిగా, కొంత పొడిగా నుండును. అయినను ఆ పొడి నాదము డోలకితో కలిసి తాళము పట్టునప్పుడు స్పష్టముగా వినబడును. ఆ దీర్ఘ నాదము ఒంటరిగా మెల్లగా వాయించునప్పుడు హృదయమును తాకును. పాడువారి గుంపులో సన్నని గొంతుకును బొంగురు గొంతుకును చోటున్నట్లే, ఈ రెండు కంఠములకును చోటు కలదు. రెండును వినుటకు చెవిగలవాడు ధన్యుడు. ఒకదానిని మాత్రమే మెచ్చుకొనువాడు తన సంతోషమును తానే సగము చేసికొనుచున్నాడు.

3. శ్రుతి ధర నడుగదు

ఆరు తీగలను ఏ స్వరములకు బిగింపవలెనో అది గిటారు వెలనుబట్టి మారదు. లక్ష రూపాయల గిటారైనను శ్రుతి తప్పినయెడల సభను బాధించును. మూడు వేల రూపాయలదైనను శ్రుతిలో నున్నయెడల సభను నిలువబెట్టును. రెండును ఒకే కొలతకు తలవంచవలెను. ధనికునికి ఒక ధర్మశాస్త్రమును దరిద్రునికి మరియొకటియు దేవుడు ఇయ్యలేదు.

చవుక గిటారులో సాధారణముగా కనబడు దోషములు ఏవి? తీగలు మెట్లకంటె మిక్కిలి ఎత్తుగా నుండుట, బిరడాలు జారుట, మెట్ల అంచులు వ్రేళ్లను గీరుట. పండ్రెండవ మెట్టు యొద్ద తీగ రెండు, రెండున్నర మిల్లీమీటర్ల ఎత్తున నుండుట మంచిది. నాలుగు మిల్లీమీటర్లు దాటినయెడల నేర్చుకొను పిల్లల వ్రేళ్లు పుండ్లుపడును. వారు తమకు సంగీతము రాదని తలంచి మానివేయుదురు. తప్పు పిల్లవానిది కాదు, గుర్రముమీద పెట్టిన ఆ చిన్న పట్టీది. తెలిసిన పనివాడు దానిని కొంచెము అరగదీసి, మంచి తీగలు వేసినయెడల అదే గిటారు చేతికి లొంగును. మెట్లే తప్పు చోట్ల బిగింపబడినదైతే అట్టిదానిని కొనకుండుటయే మంచిది. చవుకదానిని ప్రేమించుమనుటకు చెడ్డదానిని కొనుమని అర్థము కాదు.

ఇక రాయపూర్ ఎండలను తలంచుడి. మే మాసమున అక్కడ వేడి 45 డిగ్రీలు దాటు దినములు కలవు. గాలిలో తేమ మిక్కిలి తగ్గిపోవును. జూను మధ్యను వానలు దిగగానే తేమ ఒక్కసారిగా పెరుగును. గట్టి పలకల గిటారును నూటికి 45నుండి 55 వంతుల తేమలో ఉంచవలెనని దానిని చేయువారు చెప్పుదురు. అట్లు కాపాడనిచో ఎండలో పలక పగులును, వానలో ఉబ్బును. పొరల ప్లైవుడ్ గిటారు ఆ మార్పులను ఎక్కువగా ఓర్చుకొనును. ఖరీదైన వరమునకు ఎక్కువ కాపుదల కావలెను. సామాన్యమైన వరమునకు ఎక్కువ ఓర్పు ఇయ్యబడినది. ఎక్కువ పొందినవానియొద్ద ఎక్కువ అడుగబడునని ప్రభువు చెప్పిన మాట (లూకా 12:48) ఇక్కడను నెరవేరుచున్నది.

4. అల్మరాలోని వీణ

రాయపూర్ రైలు మార్గములోనే బొబ్బిలి యున్నది. ఆ ఊరి దగ్గర గొల్లపల్లిలో పనివారు తరతరములుగా పనస మ్రాను మొద్దును తొలిచి వీణలు చేయుచున్నారు. ఒకే మొద్దునుండి వచ్చిన ఏకాండి వీణకు సంగీత లోకమున గొప్ప ఘనత కలదు. అదే పనివారు జ్ఞాపికలుగా ఇచ్చుటకు చిన్న చిన్న వీణలను కూడ చేయుదురు. సభలలో పెద్దలకు వాటిని బహూకరింతురు. అవి అల్మరాలో అందముగా నుండును. వాటినుండి కీర్తన ఆశించువారు లేరు. ఆ పనివారికి అది జీవనోపాధి. దానిని తప్పు పట్టుటలేదు. అయితే వాయించుటకు చేయబడిన వాద్యమును మనము అట్టి జ్ఞాపికగా మార్చుకొనినయెడల, అది విచారింపదగిన సంగతి.

ఖరీదైన గిటారును కొని, గీత పడునేమో యను భయముచే పెట్టెలోనే ఉంచువారు కలరు. చవుకదానిని కలిగియుండి, నలుగురిలో తీయుటకు సిగ్గుపడి మంచము క్రింద ఉంచువారును కలరు. ఒకడు భయముచేత, మరియొకడు సిగ్గుచేత, ఫలితము ఒకటే. ఒక తలాంతు పొందినవాడు దానిని భూమిలో పాతిపెట్టినందుకు ప్రభువు గద్దించెను (మత్తయి 25). తలాంతు చిన్నదని ఆయన దానిని లెక్కనుండి విడిచిపెట్టలేదు. చిన్నదైనను లెక్క అడిగెను. ఇది భయపెట్టు మాటయే కాదు, ఘనపరచు మాట కూడ. నీ చిన్న వరము దేవుని లెక్కలో ఉన్నది.

చవుక గిటారుకు గల ఒక ప్రత్యేకమైన ఆశీర్వాదమును మరువకుడి. దానిని రైలులో పై బల్లమీద పెట్టవచ్చును. ఆసుపత్రి వరండాలోనికి, వీధి కూటమునకు, సండేస్కూలు పిల్లల మధ్యకు తీసికొనిపోవచ్చును. ఒక పిల్లవాడు వచ్చి తీగ లాగినయెడల గుండె ఝల్లుమనదు. "వాయించు నాయనా" అని వాని చేతికే ఇయ్యవచ్చును. అందుకనియే మేలైన గిటారుగల వాద్యకారులు అనేకులు సాదాదానిని కూడ సంతోషముతో దగ్గర ఉంచుకొందురు. ఒకటి వారికి శ్రేష్ఠతను నేర్పును, మరియొకటి స్వేచ్ఛను నేర్పును.

5. సిగ్గును గర్వమును ఒకే వేరునుండి పుట్టును

యాకోబు తన పత్రికలో ఒక సభను వర్ణించెను. బంగారు ఉంగరము పెట్టుకొనినవానికి మంచి స్థలము దొరికినది; మాసిన బట్టలవానికి నిలుచుండుటకో, పాదములయొద్ద కూర్చుండుటకో సెలవు దొరికినది. ధనికుడు సభకు వచ్చుట తప్పని యాకోబు చెప్పలేదు. మంచి వస్త్రములు చింపివేయుమనలేదు. వాటిని చూచి సంఘము తీర్పు తీర్చుట పాపమని చెప్పెను. మనము ఊహించిన సంఘమున జరిగినది ఇదియే. ఉంగరమునకు బదులు గిటారు, బట్టలకు బదులు గిటారు. క్రీస్తు మరణించి సంపాదించుకొన్న ఒక అబ్బాయి, పెట్టె మీది ముద్ర కారణముగా ప్రక్కకు జరుపబడెను.

అయితే దీనికి విరుగుడు ఖరీదైనదానిని నిందించుట కాదు. బేతనియలో మరియ మిక్కిలి విలువగల అత్తరు ప్రభువు పాదములకు పూసినప్పుడు, దానిని అమ్మి బీదలకు ఇయ్యవచ్చునని సణిగినవాడెవడు? ఇస్కరియోతు యూదా (యోహాను 12). ప్రభువు మరియ పక్షముననే నిలిచెను. విలువైనది ఆయనకొరకు కుమ్మరింపబడినప్పుడు అది వృథా కాదు. "నేను బీద గిటారుతోనే వాయింతును, నాకు డంబము లేదు" అని చెప్పుకొనుటలో కూడ డంబము దాగియుండవచ్చును. చవుకదానిని చూచి సిగ్గుపడువాడును, ఖరీదైనదానిని చూపి అతిశయించువాడును, పేదరికమునే చూపి అతిశయించువాడును ఒకే తప్పు చేయుచున్నారు. ముగ్గురును తమ విలువను చేతిలోని వస్తువునుండి తెచ్చుకొనుచున్నారు.

పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రికలో ఐశ్వర్యవంతులకు ఒకే వచనమున రెండు మాటలు చెప్పెను (6:17). మొదటిది, గర్వింపవద్దు. రెండవది, మనము అనుభవించి ఆనందించుటకే దేవుడు సమస్తమును ధారాళముగా దయచేయుచున్నాడు. ఈ రెండు మాటలను విడదీయకూడదు. గర్వము లేకుండ ఆనందించుట సాధ్యము. ఆనందించుటకు సిగ్గుపడనక్కరలేదు. ఇచ్చినవానిని ఎరిగిన హృదయమే లక్ష రూపాయల గిటారును గర్వము లేకుండను, మూడు వేల రూపాయలదానిని సిగ్గు లేకుండను వాయింపగలదు.

అయినను ఒక హెచ్చరిక మిగిలియున్నది. ఆమోసు ప్రవక్త దినములలో దంతపు మంచములమీద పండుకొని, స్వరమండలము వాయించుచు పాటలు కల్పించుకొనిన ప్రజలుండిరి. వారి పాట చెడ్డదని కాదు. తమ జనులకు కలిగిన నాశనమును గూర్చి వారు చింతపడకపోయిరి (ఆమోసు 6). ప్రక్కనున్న సహోదరుని గాయము వినబడనంతగా మన గిటారు మ్రోగినయెడల, అది ఎంత వెలగలదైనను దేవుని చెవికి రొదయే.

మనము చేయదగినది

తలిదండ్రులారా, మీ బిడ్డకు కొనగలిగినది చవుక గిటారైనయెడల క్షమాపణతో దానిని ఇయ్యకుడి, సంతోషముతో ఇయ్యుడి. అప్పుచేసి పెద్ద పేరుగలదానిని కొననక్కరలేదు. కొన్నదానిని పనివానిచేత సరిచేయించి, శ్రుతి చేయుట బిడ్డకు నేర్పింపుడి.

ప్రియ యౌవనులారా, మీ వాద్యము సామాన్యమైనదని సాధన మానకుడి. నేర్పుతో వాయింపుమని కీర్తనకారుడు ఆజ్ఞాపించెను (కీర్తన 33:3). నేర్పు అంగడిలో దొరకదు. మీకు మేలైన వాద్యము దొరికినయెడల దానిని దేవుని దానముగా ఎంచి, కాపాడి, వాయింపుడి. అప్పుడప్పుడు దానిని ప్రక్కనున్న సహోదరుని చేతికిచ్చి, మీరు అతనిదానిని తీసికొని వాయింపుడి. ఆ యొక్క మార్పిడి పది ప్రసంగములకంటె ఎక్కువ నేర్పును. అతడు మేలైన నాదపు రుచి చూచును. మీరు అతని కష్టమును మీ వ్రేళ్లతో గ్రహింతురు.

సంఘ పెద్దలారా, ఎవరి వాద్యము గొప్పదని అడుగకుడి. ఎవరు సిద్ధపడి వచ్చిరని అడుగుడి. ఒక గిటారు వచ్చినప్పుడు మరియొకటి వెళ్లిపోవలసిన పరిస్థితి కల్పింపకుడి. రెండును కలిసి మ్రోగుటకు ఏర్పాటు చేయుడి. ఎవరైనను కొన్ని వారములుగా కనబడకపోయినయెడల, ఆ యింటికి వెళ్లుడి. వెళ్లునప్పుడు ఉపదేశము మోసికొనిపోకుడి. "ఈ ఆదివారము నీ గిటారు మాకు కావలెను" అని చెప్పుడి.

గొప్ప యింటి యజమానునికి బంగారము కొరత లేదు. అయినను ఆయన పశువుల తొట్టిలో పరుండెను, వడ్లవాని యింట పెరిగెను, అరువు తెచ్చిన గాడిదపిల్లమీద పట్టణము ప్రవేశించెను, మరియొకని సమాధిలో ఉంచబడెను. కొయ్యను ఎరిగిన చేతులవి. ఆ చేతులు జిట్రేగిని ఎత్తుకొనును, ప్లైవుడ్‌ను ఎత్తుకొనును. ఆయన వెదకునది సిద్ధముగానున్న తీగ.

ప్రార్థన: మా ప్రభువా, మాకిచ్చిన కొద్దికొరకును విస్తారముకొరకును నిన్ను స్తుతించుచున్నాము. మా సహోదరునియొద్ద నున్నదానిని చూచి అసూయపడకుండను, అతనియొద్ద లేనిదానిని చూచి చులకన చేయకుండను మమ్మును కాపాడుము. మా సంఘములలో మౌనముగా నున్న తీగలను నీవు ఎరుగుదువు. వాటిని తిరిగి పలికింపుము. మమ్మును నీ శ్రుతికి సరిచేసి, నీకు ఇష్టమైన వేళ, నీకు ఇష్టమైన చోట వాడుకొనుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.